శ్రీ అయ్యగారి సాంబశివరావుగారు

మన విద్యార్థులలో హైదరాబాదు చూచినవారు ఎ. ఎస్. రావు నగరమను పేటను ఎరుగుదురు. ఆ పేరు ఎవరిదో ఎరిగినవారు కొందరే యగుటచే, ఆ మహనీయుని చరిత్రమును మేమిచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

వీరు 1914 సెప్టెంబరు 20వ తేదిని, ఇప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలోని మోగల్లు గ్రామమున పేద కుటుంబమునందు జన్మించిరి. ఐనను విద్యను విడువక, కాశీ హిందూ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము చదివి అచటనే బోధకులైరి. 1946లో టాటా విద్యార్థివేతనము లభింపగా అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున విద్యుచ్ఛాస్త్రము నభ్యసించి, మరలివచ్చి హోమీ భాభాగారి యొద్ద పనిలో చేరిరి.

సున్నితమైన యంత్రములకు అన్యదేశములపై ఆధారపడినచో, పరులు ఇయ్యమన్న నాడు మన పని నిలిచిపోవును. కావున రావుగారి బృందము వానిని స్వయముగా చేయబూనెను. 1956 ఆగస్టు 4న ట్రాంబేలో పనిచేయనారంభించిన అప్సర రియాక్టరునకు ఇంధనము ఇంగ్లండునుండి వచ్చినను, నియంత్రణ పరికరములు వీరి బృందము చేసినవే.

ఆ కాలముననే ఈ విద్య త్వరితముగ మారుచుండెను. 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టెను. 1959లో అచటనే అతల్లా, కాంగ్ అను వారు మాస్‌ఫెట్‌ను కనుగొనిరి. దానికి సోర్సు, డ్రెయిను అను రెండు కొనలును, నడుమ గేటును ఉండును. గేటు క్రింద గాజువంటి పలుచని పొర యుండుటచే దానిలోనికి విద్యుత్తు దాదాపు పారదు. గేటు వోల్టేజియే దారిని తెరచును, మూయును. మన పాకాల చెరువు తూమును తలంచుడు. మామూలుగా మూసియుండి, గేటు ఆజ్ఞపై తెరచుకొనునది ఎన్‌హాన్స్‌మెంటు రకము. తెరచియుండి, ఆజ్ఞపై మూసికొనునది డిప్లీషను రకము. ఒక్కొక్కదానిలో మరల ఎన్-చానెల్, పి-చానెల్ అను భేదములు కలవు. ఎన్‌హాన్స్‌మెంటు రకమున మొదటిది ధన వోల్టేజికి, రెండవది ఋణ వోల్టేజికి తెరచుకొనును. 1963లో వాన్లాస్ అను నతడు ఈ రెంటిని జతపరచెను. ఒకటి తెరచునపుడు రెండవది మూసికొనుటచే, ఊరకున్నవేళ విద్యుత్తు వ్యయము అత్యల్పము. నేటి కంప్యూటర్లును, చేతి ఫోనులును ఈ జతలతోనే నడచుచున్నవి. పెద్ద మాస్‌ఫెట్లు ఇన్వర్టర్లలోను, విద్యుత్తు బండ్లలోను వాడబడుచున్నవి.

ఆ 1963లోనే మన దేశమున ఎలక్ట్రానిక్సు అభివృద్ధికై భాభాగారి అధ్యక్షతను సంఘ మేర్పడెను. సూరి భగవంతముగారును, విక్రమ్ సారాభాయిగారును, రావుగారును సభ్యులు. పిమ్మట 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. సంస్థ స్థాపితమయ్యెను. దానిని రావుగారే మొదట నడపిరి. రియాక్టర్ల పరికరములు, కంప్యూటర్లు, టెలివిజనులు అచట తయారయ్యెను. తెలుగుబిడ్డలనేకులకు అది జీవనాధారమయ్యెను. 1972లో వీరికి పద్మభూషణ బిరుదము లభించెను. 2003లో వీరు పరమపదించిరి.

బాలబాలికలారా! పేదరికము వీరి తూమును మూయలేకపోయెను. మన గంగారమున పుస్తకము విప్పు ప్రతివారికిని ఆ దారి తెరచియే యున్నదని మేము నమ్ముచున్నాము.