బసవేశ్వరుడు - కల్యాణమున కూడిన శరణులు

ఒక మహాపురుషుని తెలిసికొనుటకు ఆయన బోధలను చదువుట ఒక మార్గము. ఆయన చుట్టు ఎవరెవరు చేరిరో, వారు ఏమి ఆశించి వచ్చిరో, వచ్చిన పిదప ఎట్లు జీవించిరో విచారించుట మరియొక మార్గము. 12వ శతాబ్దమున కన్నడదేశమున వెలసిన బసవేశ్వరుని విషయమున ఈ రెండవ మార్గము మిక్కిలి ఉపకరించును. ఏలయన, ఆయన చరిత్రను ఆయన శరణుల చరిత్రనుండి వేరుచేసి చెప్పుట సాధ్యము కాదు.

బసవేశ్వరుడు నేటి విజయపుర జిల్లాలోని బాగేవాడియందు శైవబ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. ఆయన జన్మసంవత్సరము 1105 అని కొందరు పండితులును, 1131 అని మరికొందరును చెప్పుదురు. తండ్రి మాదిరాజు, తల్లి మాదాంబ. సోదరి నాగమ్మ కడవరకు ఆయనకు తోడుగా నిలిచెను. ఆమె కుమారుడగు చెన్నబసవన్నయే తరువాతి కాలమున శరణులకు నాయకుడయ్యెను. ఉపనయనమునకు సమ్మతింపక బసవన్న బాల్యముననే ఇల్లు విడిచెనని సంప్రదాయము. ఆయన కృష్ణా మలప్రభా నదుల సంగమమునగల కూడలసంగమమునకు చేరి, అచ్చటి సంగమేశ్వరుని సేవించుచు విద్య నేర్చెను. తరువాత రచించిన వచనములన్నింటిలోను ఆ దేవుని నామమునే ముద్రగా నిలిపెను.

ఆయన మేనమామ బలదేవుడు కాలచుర్య బిజ్జలుని కొలువులో మంత్రి. ఆ బాంధవ్యము వలనను, లెక్కలయందలి నేర్పు వలనను బసవన్న రాజోద్యోగమున ప్రవేశించి, క్రమముగా భండారాధికారి యయ్యెను. చాళుక్యులకు సామంతుడైన బిజ్జలుడు 1160 ప్రాంతమున కల్యాణ సింహాసనమును తన వశము చేసికొనెను. నేడు బీదరు జిల్లాలో బసవకల్యాణమని పిలువబడు ఆ నగరమే శరణులకు కూటస్థలమయ్యెను.

ఆ కాలపు సామాన్యజనుల స్థితిని ఇచ్చట ఒక్కింత తలపోయవలెను. గొప్ప దేవాలయములు ఉండెను, వానికి మాన్యములు ఉండెను. కాని తోలుపని చేయువానికి ఆ ద్వారములు తెరువబడవు. యజ్ఞాదులకు ధనమును సంస్కృతవిద్యయు కావలెను. ఇల్లు విడిచి సన్న్యసింతమన్నచో, దినదినము కష్టించి భార్యాబిడ్డలను పోషించువాడు వారిని ఎవరికి అప్పగించి పోగలడు? భగవంతునియందు తృష్ణ యున్నను, రెక్కల కష్టముపై బ్రతుకు గృహస్థునకు నడువదగిన త్రోవ కానరాకుండెను.

బసవేశ్వరుని మార్గము సరిగా ఈ కొరతను తీర్చినది. చేతిలో నుంచుకొని పూజింపదగిన ఇష్టలింగమును దేహముపై ధరించినవానికి, ఆలయద్వారమున ఎవరి అనుమతియు అక్కరలేదు. ధర్మబద్ధమైన ఏ వృత్తియైనను భగవదర్పితముగ చేసినచో అదియే సాధన. దీనికి కాయకమని పేరు. తన పోషణకు పోను మిగిలినదానిని తోటివారికి వినయముతో అర్పించుట దాసోహము. అనుభవమును చెప్పుకొనుటకు ఇంటిలో మాట్లాడు కన్నడమే చాలును. ఈ మార్గమున చేరుటకు పనిని గాని, సంసారమును గాని విడువనక్కరలేదు. పనివాండ్రు అంతమంది ఆ సంఘమున చేరగలుగుటకు ముఖ్యకారణము ఇదియే.

చేరినవారి పేర్లను చూచినచో ఒక పట్టణములోని వృత్తులన్నియు కన్నులయెదుట నిలుచును. మడివాళ మాచయ్య చాకలి. అంబిగర చౌడయ్య పడవ నడపువాడు. హడపద అప్పణ్ణ బసవేశ్వరునకు తాంబూలపు సంచి మోసిన పరిచారకుడు. నులియ చందయ్య త్రాళ్లు పేనువాడు. డోహర కక్కయ్య తోళ్లను పదును చేయువాడు. హరళయ్య చెప్పులు కుట్టువాడు. సత్యక్క వీధులూడ్చి జీవించెను. పూర్వము వేశ్యావృత్తిలో నుండిన సంకవ్వయు ఈ సంఘమున స్థానము పొందెను. 30 మందికి పైగా స్త్రీల వచనములు నేటికిని లభించుచున్నవి. వారిలో అగ్రగణ్యురాలు అక్క మహాదేవి. ఆమె కల్యాణమునుండి శ్రీశైలమునకు పోయి మల్లికార్జునునియందు ఐక్యమయ్యెనని సంప్రదాయము.

అయితే, లేమిచే బాధపడువారే ఇట్టి సంఘములలో చేరుదురనుట పూర్తిగా సత్యము కాదు. బసవన్న బ్రాహ్మణుడు, అధికారి. మధువరసు బ్రాహ్మణ కుటుంబమున పుట్టినవాడు. మోళిగె మారయ్య కాశ్మీరరాజై యుండి, రాజ్యమును విడిచి వచ్చి కట్టెలమ్ముకొని జీవించెనని కథ. సొన్నలిగె సిద్ధరాముడు చెరువులు త్రవ్వించి, ఆలయములు నిర్మించి, అప్పటికే ప్రఖ్యాతి గడించినవాడు. లోకము తమకు నిరాకరించిన గౌరవమును కోరి కొందరు వచ్చిరి. లోకము తమకిచ్చిన గౌరవము తృప్తినీయక మరికొందరు వచ్చిరి. ఈ రెండు తెగలవారును ఒకే పంక్తిలో కూర్చుండిరి. వారి గోష్ఠికి అల్లమప్రభువు అధ్యక్షుడు. ఆ గోష్ఠియే అనుభవమంటపమని ప్రసిద్ధి చెందినది. దాని సమగ్రచిత్రము మనకు ప్రధానముగా 15వ శతాబ్దమునాటి శూన్యసంపాదనవంటి గ్రంథములనుండి లభించుచున్నది.

ఇట్టి సంఘమునకు రెండు ప్రమాదములు కలవు. అన్నమును చూచి వచ్చువారు మొదటిది. బసవన్న ఇంట నిత్యము జంగములకు భోజనములు జరుగుచుండెను. దురాశాపరులు కొందరు వంకాయలను లింగములవలె కట్టుకొని భక్తవేషమున ఆయనకడకు వచ్చిరనియు, ఆయన వారికిని భక్తితో మ్రొక్కగా ఆ కాయలు నిజముగనే లింగములయ్యెననియు పాల్కురికి సోమనాథుని బసవపురాణము చెప్పుచున్నది. ద్వారముకడ నిలిచి వచ్చినవారిని శోధించుటకంటె, తన భక్తిచే వారిని మార్చుటయే బసవన్న పద్ధతియని ఆ కథ బోధించుచున్నది.

రెండవ ప్రమాదము, చేరినవారు చేరినంతనే తృప్తి చెందుట. దీనికి విరుగుడు కాయకనియమము. ఆయ్దక్కి మారయ్య వీధులలో రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చెడివాడు. దానితోనే దాసోహము నడుచుచుండెను. ఒకనాడు ఆయన నిత్యము తెచ్చుదానికంటె అధికముగ తెచ్చెను. భార్య లక్కమ్మ దానిని చూచి, అవసరమునకు మించినది ఆశకు గుర్తనియు, మిగులు బియ్యమును ఎచ్చటనుండి తెచ్చెనో అచ్చటనే చల్లి రావలెననియు పలికెను. మారయ్య అట్లే చేసెను. పూటకు గింజలు ఏరుకొను దంపతులు పాటించిన నియమమిది. శరణులసంఘము కేవలము అన్నార్తుల గుంపు కాదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

కూడి పూజించుట, కూడి భుజించుట జరిగినంతవరకు రాజ్యము సహించెను. తీవ్రపరీక్ష వివాహవిషయమున వచ్చినది. హరళయ్య కుమారునకు మధువరసు తన కుమార్తె నిచ్చి పెండ్లి చేసెనని కన్నడ సంప్రదాయము. శరణుల దృష్టిలో వధూవరులిరువురును శివభక్తుల సంతానము. వారికి వేరొక కులము లేదు. నగరములోని ఇతరుల దృష్టిలో అది వర్ణధర్మమునకే ద్రోహము. వారి ఒత్తిడికి లోబడి బిజ్జలుడు ఇరువురు తండ్రులకును క్రూరదండనము విధించెను. ఆ దండనము ఎట్టిదో గ్రంథములు పలువిధములుగ చెప్పును. కన్నులు తీయించెనని కొన్ని, ఏనుగుకాళ్లకు కట్టించి ఈడ్పించెనని కొన్ని. దానితో కల్యాణము అల్లకల్లోలమైనది. 1167-68 ప్రాంతమున బిజ్జలుని పాలన ముగిసినది. శరణులలో కొందరు ఆయనను వధించిరని పురాణకథలు చెప్పును. చెన్నబసవన్న నాయకత్వమున ఒక సమూహము పడమటి అడవులలోని ఉళవికి తరలిపోయెను. బసవేశ్వరుడు తాను బాల్యమున విద్య నేర్చిన కూడలసంగమమునకు మరలి, అచ్చటనే లింగైక్యము చెందెను.

కల్యాణము చెదరినను ఆ మార్గము నశింపలేదు. చెదరినవారితో పాటు వచనములును ఊరూర వ్యాపించెను. 13వ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును తెనుగున, పామరులును పాడుకొనదగిన ద్విపదలో రచించెను. దానిని భీమకవి 1369లో కన్నడీకరించెను. కన్నడదేశపు మహనీయుని కథ తెలుగు కావ్యమునుండి మరల కన్నడమునకు చేరుట విశేషము.

తెలుగుదేశమున ఇదే కాలమున వెలసిన మల్లికార్జున పండితారాధ్యుడు బసవేశ్వరునియందు అపారగౌరవము కలవాడు. ఆయనను దర్శింప బయలుదేరి, త్రోవలోనే ఆయన లింగైక్యవార్త విని మిక్కిలి దుఃఖించెనని సోమనాథుడే పండితారాధ్యచరిత్రమున వర్ణించెను. ఐనను పండితారాధ్యుడు బ్రాహ్మణ్యమును విడువలేదు. ఆయన ననుసరించిన ఆరాధ్యులు యజ్ఞోపవీతమును, లింగమును రెండింటిని ధరించిరి. భక్తి ఒక్కటే, దైవ మొక్కడే. కాని చేరువారు తమ పూర్వస్థానమును విడువవలెనా, ఉంచుకొనవచ్చునా అను ప్రశ్నకు కల్యాణము ఒక సమాధానమిచ్చినది, ఆరాధ్యులు మరియొక సమాధానమిచ్చిరి.

తొలితరమువారు తమ సంకల్పముతో వచ్చి చేరినవారు. వారి మనుమలు ఆ సంఘమున పుట్టినవారు. తొలితరము ఎంతో నష్టమునకు సిద్ధపడి పొందిన దీక్షను తరువాతి తరములు వారసత్వముగ పొందెను. కాలక్రమమున వృత్తులను, వంశములను బట్టి ఆ సమాజమునందును శాఖలేర్పడెను. ఏ ధర్మసంఘమునకైనను ఇది సంభవించునదే. అట్టి తరుణమున మొదటి శరణుల మాటలు మరల వినిపింపవలసి యుండును. 20వ శతాబ్దమున ఫ. గు. హళకట్టి ఇంటింట పడియున్న తాటాకుప్రతులను వెదకి, 1923లో వచనశాస్త్రసారమును ప్రకటించి ఆ పనికి పూనుకొనెను. చాకలి, పడవవాడు, గింజలేరు గృహిణి పలికిన మాటలు తిరిగి జనులకు అందినవి.

కూడలసంగమమున బసవేశ్వరుని ఐక్యస్థలమును నేటికిని యాత్రికులు దర్శించుచున్నారు. అచ్చట తలవంచువారు తమ తమ సంఘములను గూర్చి కూడ ఒకసారి యోచించుట మేలు. మన పంక్తిలో నేడు ఎవరు కూర్చుండుచున్నారు? ఎవరు ఇంకను వెలుపల నిలిచియున్నారు? దినకూలిపై బ్రతుకువాడు తన పనిని, తన బిడ్డలను వెంటబెట్టుకొని లోనికి రాదగిన త్రోవ మనకడ ఉన్నదా?