నలభై ఒకటో ఏట అందిన హీరో వేషం

హాలీవుడ్ పాత సినిమాలు చూసేవాళ్లకి హంఫ్రీ బోగార్ట్ అనగానే తెల్లకోటు, చేతిలో సిగరెట్, లోపల ఏదో దాచుకున్నట్టుండే ముఖం గుర్తొస్తాయి. అది ‘కాసాబ్లాంకా’లోని రిక్ పాత్ర. 1942లో ఆ సినిమా తీస్తున్నప్పుడు అతని వయసు 42. అందగాడు కాదు, పొడగరీ కాదు. పక్కన హీరోయిన్ ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ పొడవుగా కనిపిస్తుందని బూట్ల కింద ఎత్తు పెట్టుకుని నటించాడు. ఆ వయసులో, ఆ రూపంతో అక్కడిదాకా ఎలా వచ్చాడన్నది నాకు ఆ సినిమా కథ కన్నా ఆసక్తిగా అనిపిస్తుంది.

కష్టాల్లో పుట్టి పైకొచ్చిన మనిషి అనుకుంటే పొరపాటే. 1899 డిసెంబర్ 25న న్యూయార్క్‌లో కలిగిన కుటుంబంలో పుట్టాడు. తండ్రి బెల్మాంట్ పేరున్న సర్జన్. తల్లి మాడ్ హంఫ్రీ పత్రికలకు, ప్రకటనలకు బొమ్మలు వేసే చిత్రకారిణి. ఆవిడ సంపాదన భర్త సంపాదన కన్నా ఎక్కువ. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. మాన్‌హాటన్‌లో 103వ వీధిలో వాళ్ల ఇల్లు ఇప్పటికీ ఉంది. ఆ వీధికి బోగార్ట్ పేరు కూడా పెట్టారు.

కొడుకు తనలాగే డాక్టర్ కావాలని తండ్రి కోరిక. మన ఇళ్లలో మాటే! ఆండోవర్‌లోని ఫిలిప్స్ అకాడమీలో చేర్పించారు. అది యేల్ లాంటి యూనివర్సిటీలకు దారి చూపే బడి. బోగార్ట్‌కి చదువు ఎక్కలేదు. మార్కులు రాక 1918లో అక్కడి నుంచి బయటికొచ్చి నేవీలో చేరాడు. యుద్ధం ముగుస్తున్న రోజులు. ఐరోపా నుంచి సైనికుల్ని ఇంటికి తెచ్చే ఓడల మీద పనిచేశాడు. పై పెదవి మీద మచ్చ నేవీలో వచ్చిందని కొందరు, చిన్నప్పటిదని కొందరు చెబుతారు.

తిరిగొచ్చాక ఏ పనీ కుదరలేదు. కుటుంబానికి తెలిసిన నాటకాల నిర్మాత విలియం బ్రాడీ దగ్గర ఆఫీసు పని దొరికింది. అక్కడి నుంచి స్టేజి మేనేజరయ్యాడు. 1921లో మొదటిసారి వేషం వేశాడు. ట్రే పట్టుకొచ్చే జపనీస్ నౌకరు, ఒకే ఒక్క మాట. తర్వాత పదేళ్లకు పైగా బ్రాడ్‌వేలో అతనికి దొరికినవి ఒకే రకం వేషాలు. తెల్లబట్టలు, చేతిలో టెన్నిస్ బ్యాటు, డబ్బున్న ఇంటి కుర్రాడు. అసలు కథ నడిచేవాళ్లకు దారివ్వడం వాటి పని. 1922లో ఒక నాటకం చూసిన విమర్శకుడు అలెగ్జాండర్ వుల్కాట్ ఈ కుర్రాడి నటన చాలలేదని పత్రికలో రాసేశాడు.

1930లో ఫాక్స్ కంపెనీ వారానికి 750 డాలర్ల మీద హాలీవుడ్‌కి తీసుకెళ్లింది. సినిమాలకు అప్పుడే మాటలొచ్చాయి, నాటకాల వాళ్లకు గిరాకీ పెరిగింది. చిన్నాచితకా వేషాలిచ్చి, లాభం లేదని వదిలేశారు. అయిదేళ్లు న్యూయార్క్‌కీ హాలీవుడ్‌కీ మధ్య తిరిగాడు. అటు మహా మాంద్యం, నాటకశాలలు మూతపడుతున్న కాలం. పార్కుల్లో పందెం కట్టి చదరంగం ఆడి చిల్లర సంపాదించాడు. అతను మంచి ఆటగాడు. ‘కాసాబ్లాంకా’లో రిక్‌ని మనం మొదట చూసేదీ చదరంగం బల్ల ముందే. 1934లో తండ్రి పోయాడు. అప్పటికి ఆ సర్జన్ ఆస్తి కరిగిపోయి అప్పులు మిగిలాయి. కొడుక్కి దక్కినవి ఆ అప్పులు, ఒక ఉంగరం. అప్పులు నెత్తిన వేసుకున్నాడు, ఉంగరం వేలికి పెట్టుకున్నాడు. చాలా సినిమాల్లో అతని వేలికి కనిపించే ఉంగరం అదే.

అప్పటికి అతనికి 34 ఏళ్లు. సరిగ్గా ఇక్కడే కథ మలుపు తిరిగింది. రాబర్ట్ షెర్‌వుడ్ రాసిన ‘ది పెట్రిఫైడ్ ఫారెస్ట్’ నాటకంలో డ్యూక్ మాంటీ అనే హంతకుడి పాత్రకు నిర్మాత ఆర్థర్ హాప్‌కిన్స్ మనిషి కోసం వెతుకుతున్నాడు. మరో నాటకంలో బోగార్ట్ గొంతు విని పిలిపించాడు. టెన్నిస్ కుర్రాడికి హంతకుడి వేషమా అని నవ్వినవాళ్లున్నారు. కానీ గడ్డం మాసి, భుజాలు వంచి నడిస్తే అతను అప్పుడే పోలీసుల కాల్పుల్లో చచ్చిన దొంగ డిల్లింజర్‌లా ఉన్నాడు. 1935 జనవరిలో బ్రాడ్‌హర్స్ట్ థియేటర్‌లో మొదలైన ఆ నాటకం 197 సార్లు ఆడింది. టైమ్స్ స్క్వేర్ చూడ్డానికి మనవాళ్లు ఊళ్ల నుంచి వచ్చినప్పుడల్లా తీసుకెళ్తుంటాం కదా, ఆ పక్కనే 44వ వీధిలో ఉంది ఆ థియేటర్. ఇప్పటికీ నాటకాలు ఆడుతున్నాయి.

నాటకంలో హీరో లెస్లీ హోవార్డ్. ఇంగ్లీషువాడు, అప్పటికే పెద్ద స్టార్. వార్నర్ బ్రదర్స్ సినిమా హక్కులు కొన్నాక హంతకుడి పాత్రకు తమ దగ్గరున్న ఎడ్వర్డ్ జి. రాబిన్సన్‌ని పెడదామనుకున్నారు. వ్యాపారపరంగా అది సబబే. బోగార్ట్ బ్రిటన్‌లో ఉన్న హోవార్డ్‌కి టెలిగ్రామ్ కొట్టాడు. నాటకం ఆడుతున్నప్పుడు, సినిమా తీస్తే నువ్వే వేస్తావని హోవార్డ్ మాటిచ్చి ఉన్నాడు. బోగార్ట్ లేకపోతే నేనూ లేనని జాక్ వార్నర్‌కి తెగేసి చెప్పాడు. హోవార్డ్‌కి దీనివల్ల ఒరిగేది ఏమీ లేదు. వార్నర్ దిగొచ్చాడు. 1936 ఫిబ్రవరిలో సినిమా విడుదలైంది, పేరొచ్చింది.

ఆ వెంటనే స్టార్ అయిపోయాడంటే కథ బాగుండేది. అలా జరగలేదు. వార్నర్ వాళ్లు వారానికి 550 డాలర్లకు కాంట్రాక్టు రాయించుకున్నారు. మన విజయా వారి దగ్గర ఒకప్పుడు నటులు నెల జీతాలకు పనిచేసినట్టే అక్కడా పద్ధతి. కాకపోతే స్టూడియో ఇచ్చిన వేషం వద్దంటే జీతం ఆపేస్తారు. 1936 నుంచి 1940 వరకు అతను చేసినవి పాతిక పైచిలుకు సినిమాలు. ఎక్కువ వాటిలో గూండా, ఆఖర్న తూటా తిని చావడం. జేమ్స్ కాగ్నీ, రాబిన్సన్, జార్జ్ రాఫ్ట్‌ల తర్వాతే అతనికి వంతు. 1939లో ‘ది రిటర్న్ ఆఫ్ డాక్టర్ ఎక్స్’లో మరణశిక్ష పడి చచ్చి, మళ్లీ బతికొచ్చి, అరుదైన గ్రూపు రక్తం కోసం మనుషుల్ని చంపే డాక్టర్‌గా వేశాడు. బయాలజీ చదివిన నేను ఆ సినిమా పూర్తిగా చూడటానికి చాలా ఓర్చుకోవాల్సి వచ్చింది. బోగార్ట్‌కీ అదంటే జీవితాంతం చిరాకే.

నాకిప్పుడు ముప్పై ఎనిమిది. ఎమ్మెస్సీ సర్టిఫికెట్ ఫైల్లో పెట్టి పదేళ్లు దాటింది. ఆ వయసులో బోగార్ట్ ఏ సినిమాలో ఎన్నో తూటాకి చచ్చాడో లెక్క చూశాను. వేషాలు చెత్తవే, మనిషి మాత్రం టైముకి వెళ్లి, డైలాగు నేర్చుకుని, పని చేసి వచ్చేవాడు. ఓపిక అనండి, వేరే దారి లేక అనండి. నేనైతే రెండూ అంటాను.

1940లో ‘హై సియెర్రా’ కథ తయారైంది. ఈ పాత్ర నాకు కావాలని నిర్మాత హాల్ వాలిస్‌కి బోగార్ట్ టెలిగ్రామ్ ఇచ్చాడు. అయినా ముందు పాల్ మునిని, జార్జ్ రాఫ్ట్‌ని అడిగారు. ఇద్దరూ కాదన్నాకే ఇతని దాకా వచ్చింది. 1941 జనవరిలో విడుదలయ్యేటప్పటికి పేర్లలో హీరోయిన్ ఐడా లుపినో తర్వాతే ఇతని పేరు వేశారు. ఆ స్క్రీన్‌ప్లే రాసినవారిలో ఒకడైన జాన్ హ్యూస్టన్ అదే ఏడాది మొదటిసారి డైరెక్షన్ చేశాడు. ఆ సినిమా ‘ది మాల్టీస్ ఫాల్కన్’. అంతకు ముందే రెండుసార్లు తీసిన కథ, పైగా కొత్త డైరెక్టర్. రాఫ్ట్ మళ్లీ వద్దన్నాడు. బోగార్ట్ సరేనన్నాడు. డిటెక్టివ్ శామ్ స్పేడ్‌గా అతను ఎంత సునాయాసంగా కనిపిస్తాడంటే, అది ఇంకొకరు వదిలేసిన వేషమని గుర్తుకే రాదు. డబ్బున్న కుర్రాడి దర్జా, హంతకుడి చూపు, రెండూ అందులో ఉన్నాయి. ఆ అక్టోబర్‌కి అతనికి 41.

తర్వాతిది అందరికీ తెలిసిందే. ‘కాసాబ్లాంకా’, లారెన్ బకాల్‌తో నాలుగో పెళ్లి, ‘ది ఆఫ్రికన్ క్వీన్’కి 1952లో ఆస్కార్. 1957 జనవరిలో క్యాన్సర్‌తో పోయాడు, 57 ఏళ్లకే. సిగరెట్లు, తాగుడు ఊరికే వదల్లేదు.

లెస్లీ హోవార్డ్ అంతకన్నా చాలా ముందే పోయాడు. 1943 జూన్ 1న లిస్బన్ నుంచి ఇంగ్లండ్ వెళ్తున్న ప్రయాణికుల విమానాన్ని జర్మన్ యుద్ధవిమానాలు సముద్రం మీద కూల్చేశాయి. అందులో ఉన్న ఎవరూ బతకలేదు. తొమ్మిదేళ్ల తర్వాత, 1952 ఆగస్టులో బోగార్ట్‌కి కూతురు పుట్టింది. ఆ పాపకి లెస్లీ హోవార్డ్ బోగార్ట్ అని పేరు పెట్టాడు.