జి.ఎన్.రామచంద్రన్

గోపాలసముద్రం నారాయణ రామచంద్రన్ (అక్టోబరు 8, 1922 - ఏప్రిల్ 7, 2001) సుప్రసిద్ధ భారతీయ భౌతిక శాస్త్రవేత్త. ఎక్స్-రే స్ఫటిక శాస్త్రం ద్వారా నిర్ణయించిన ప్రోటీను నిర్మాణాలు ఎంతవరకు నమ్మదగినవో పరీక్షించే రామచంద్రన్ ప్లాట్ ఈయన పేరు మీద ఏర్పడినదే.

బాల్యం, విద్యాభ్యాసం

రామచంద్రన్ ఎర్నాకుళంలో జన్మించాడు. తండ్రి నారాయణ అయ్యర్ గణితాచార్యుడు. తిరుచిరాపల్లిలోని సెయింట్ జోసెఫ్ కళాశాలలో భౌతికశాస్త్రం చదివి, 1942లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో చేరాడు. అక్కడ సి.వి.రామన్ వద్ద పరిశోధన చేశాడు. 1949లో కేంబ్రిడ్జి నుండి పి.హెచ్.డి. పట్టా పొంది స్వదేశానికి తిరిగివచ్చాడు. 1952లో మద్రాసు విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర శాఖాధిపతి అయ్యాడు.

కొల్లాజెన్ నమూనా

1954లో గోపీనాథ్ కర్తాతో కలిసి, చర్మంలోను ఎముకలలోను ఉండే కొల్లాజెన్ అనే ప్రోటీనుకు ముప్పేట సర్పిలాకార నమూనాను ప్రతిపాదించాడు. మరుసటి సంవత్సరం దానిని సవరించాడు. అయితే ఈ నమూనాలో కొన్ని పరమాణువులు ఉండదగినదానికంటే దగ్గరగా ఉన్నాయని ఫ్రాన్సిస్ క్రిక్, అలెగ్జాండర్ రిచ్ ఆక్షేపించారు. దీనితో పరమాణువులు ఒకదానికొకటి ఎంత దగ్గరకు రాగలవో తేల్చడానికి రామచంద్రన్ బృందం నాటికి తెలిసిన స్ఫటిక నిర్మాణాలను పరిశీలించి, కనీస దూరాలను నిర్ణయించింది.

రామచంద్రన్ ప్లాట్

ప్రోటీను గొలుసులో ప్రతి అమైనో ఆమ్లం వద్ద రెండు బంధాల చుట్టూ భ్రమణం సాధ్యమవుతుంది. ఈ భ్రమణ కోణాలను ఫై, సై అంటారు. వీటిని అడ్డంగా, నిలువుగా గుర్తించి గీసిన రేఖాచిత్రంలో పరమాణువులు ఢీకొనకుండా ఉండే ప్రాంతం కొద్దిపాటిదేనని 1963లో సి.రామకృష్ణన్, వి.శశిశేఖరన్‌లతో కలిసి ప్రకటించాడు.

ఎక్స్-రే ప్రయోగం నుండి లభించేది ఎలక్ట్రాన్ల సాంద్రత పటం మాత్రమే. అది అస్పష్టంగా ఉన్నచోట గొలుసును తప్పుగా అమర్చే ప్రమాదముంది. ప్రయోగ ఫలితాలకు, నమూనాకు మధ్య తేడాను తెలిపే ఆర్-విలువ తక్కువగా ఉన్నప్పటికీ లోపం దాగి ఉండవచ్చు. నమూనాను సరిదిద్దేటప్పుడు ఫై, సై కోణాలను సాధారణంగా నేరుగా నియంత్రించరు. కనుక ఈ ప్లాట్ స్వతంత్ర పరీక్షగా నిలుస్తుంది. నిషిద్ధ ప్రాంతంలో ఎక్కువ అమైనో ఆమ్లాలు పడితే నమూనాను సందేహించాలి. ఒకటి రెండు పడినంత మాత్రాన అది దోషం కాదు. అక్కడ ఎలక్ట్రాన్ల సాంద్రత స్పష్టంగా ఉంటే ఆ అమరిక నిజమే కావచ్చు. పార్శ్వశృంఖలం లేని గ్లైసిన్‌కు మరింత విశాలమైన ప్రాంతం అనుమతం. ప్రోటీన్ డేటా బ్యాంకు ఎక్స్-రే నిర్మాణాలకు ఇచ్చే పరీక్షా నివేదికలలో ఈ ప్లాట్ ఫలితాలు కూడా ఉంటాయి.

పురస్కారాలు, మరణం

1961లో శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం, 1977లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1999లో అంతర్జాతీయ స్ఫటిక శాస్త్ర సమాఖ్య వారి ఎవాల్డ్ బహుమతి లభించాయి. తన నమూనాపై వచ్చిన ఆక్షేపణకు సమాధానం వెదుకుతూ, ప్రోటీను నమూనాలన్నిటికీ గీటురాయిని అందించిన రామచంద్రన్ 2001లో చెన్నైలో మరణించాడు.