కీర్తిశేషులు మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు

మన మహాసభ కూడినప్పుడెల్ల విద్యార్థుల ఉపకార వేతనములను గూర్చియు, వసతి గృహములను గూర్చియు తీర్మానములు చేయుట పరిపాటి. ప్రత్తియు మిరపయు పండించు ఈ మైదానములలోని కుటుంబముల బిడ్డలు నేడనేకులు ఇంజనీరింగు విద్య నభ్యసించుచున్నారు. వారి జీతము చెల్లించుటతో మన బాధ్యత తీరునా? ఈ విషయము నాలోచింపగోరువారికి విశ్వేశ్వరయ్యగారి చరిత్రము ముఖ్యముగా పఠింపదగినది.

వారి యింటిపేరు మన సీమలోని గ్రామము పేరే. కంభము చెరువునకు దవ్వుగాని బేస్తవారిపేట ప్రాంతమున మోక్షగుండము కలదు. వారి పూర్వులు అచ్చటినుండి మైసూరు దేశమునకు వలసపోయిరి. చిక్కబళ్ళాపురమునకు సమీపమున నున్న ముద్దెనహళ్ళిలో, 1860 ప్రాంతమున, సెప్టెంబరు 15వ తేదీని విశ్వేశ్వరయ్యగారు జన్మించిరి. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు, తల్లి వేంకటలక్ష్మమ్మగారు. విద్య ముగియకమునుపే తండ్రి గతించెను. బెంగుళూరున మేనమామగారి ఆదరమున నుండి, పిల్లలకు పాఠములు చెప్పి ఆర్జించుకొనుచు, సెంట్రల్ కాలేజీలో పట్టభద్రులైరి. పిమ్మట మైసూరు ప్రభుత్వమువారి వేతనముతో పూనాలో ఇంజనీరింగు చదివి, 1883లో ప్రథమస్థానమున నుత్తీర్ణులైరి. ఆ వేతనమే లేకున్నచో ఆ మహామేధ యేమై యుండెడిదో ఊహింపుడు.

1884లో బొంబాయి ప్రభుత్వపు కొలువున ప్రవేశించిరి. సింధుదేశమందలి సుక్కూరు పురమునకు త్రాగునీరు సమకూర్చు పని వారిపై బడెను. నది నీరు బురదమయము. వడపోత తొట్లు కట్టుటకు పురపాలక సంఘమునకు ధనము చాలదు. అప్పుడు వారు ఒడ్డునకు చేరువగా నదీగర్భముననే నుయ్యి త్రవ్వించి, ఇసుకలో నూరి తేటపడిన నీటిని గ్రహించి పురమున కందజేసిరి. ఈ యుపాయము నేలను, నీటిని, ఊరివారి శక్తిని స్వయముగా పరిశీలించినందున స్ఫురించినది.

వారు 1898లో జపాను దేశమును చూచివచ్చిరి. 1908లో కొలువు విడిచి ఐరోపా ఖండమున సంచరించుచుండగా, హైదరాబాదు ప్రభుత్వమువారి పిలుపు వచ్చెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీని మూసీనది పొంగి వేలకొలది జనులను పొట్టనబెట్టుకొనినది. వారు 1909లో వచ్చి, వర్షపాతపు లెక్కలు సేకరించి, నగరమునకు ఎగువన మూసీ, ఈసీ నదులపై జలాశయములు నిర్మింపవలెనని నిర్ణయించిరి. ఉస్మాన్ సాగరు 1920లోను, హిమాయత్ సాగరు 1927లోను పూర్తియైనవి. నగరపు మురుగునీటి పథకమునుగూడ వారే రచించిరి.

మైసూరునకు 1912 మొదలు 1918 వరకు దివానుగా నుండి, 1916లో విశ్వవిద్యాలయమును, 1917లో బెంగుళూరున ఇంజనీరింగు కళాశాలను స్థాపింపజేసిరి. తాము పొందిన వేతనపు ఋణమును ఈ విధముగా తీర్చుకొనిరని చెప్పవచ్చును. 1955లో భారతరత్న బిరుదము నందుకొని, 1962 ఏప్రిల్‌లో స్వర్గస్థులైరి. వారి జన్మదినమును దేశమంతట ఇంజనీర్ల దినముగా జరుపుకొనుచున్నారు.

ఇక మన కర్తవ్యము. 2018 మార్చిలో గుంటూరు నగరమున త్రాగునీటిలో మురుగు కలియుటచే అతిసారము ప్రబలి పలువురు మరణించిరి. గొట్టము ఎచ్చట పగిలినది, కాలువ ఎచ్చట దానిని తాకుచున్నది యను సంగతి పాఠ్యపుస్తకమున దొరకదు. వీధివెంట నడచి చూచినవానికే దొరకును. కావున సెలవులలో మన విద్యార్థులను కొందరిని అనుభవజ్ఞుడైన ఇంజనీరు వెంట ఒక్కొక్క పట్టణమునకు పంపుదము. ఒంగోలు కానిండు, చిలకలూరిపేట కానిండు. సాగరు కాలువ నీరు చేరు మంచినీళ్ళ చెరువు మొదలుకొని మురుగు తుదకు కలియు వాగు వరకు వారు నడచి, కొలిచి, పటము గీసి, నివేదిక వ్రాయవలెను. ఒక ప్రతి పురపాలక సంఘమునకు సమర్పించి, రెండవది మరుసటి మహాసభలో చదువవలెను. దీనికగు వ్యయము స్వల్పము. ఆ పట్టణములందు నివసించువారు అన్ని కులములవారు, ఫలమును అందరిదే. విశ్వేశ్వరయ్యగారి పటమునకు పూలమాల వేయుటకంటె ఇది వారికి తగిన పూజయని మా విన్నపము.