జూదానికి లెక్క కట్టిన జూదరి

జూదం పేరెత్తితే మనవాళ్ళకు ముందు గుర్తొచ్చేది ధర్మరాజు. పాచికల మర్మం తెలియక కూర్చున్నాడు, రాజ్యం పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత నలుడు. ఆయన మొదట ఓడినా ఋతుపర్ణుడి దగ్గర అక్షహృదయం నేర్చుకొని పోయిన రాజ్యం తిరిగి గెలుచుకున్నాడు. తెలియనివాడు ఓడాడు, తెలిసినవాడు గెలిచాడు. కథ ఇంతటితో అయిపోతే బాగానే ఉండును. కాని 16వ శతాబ్దంలో ఇటలీ దేశాన మూడోరకం మనిషి ఒకాయన ఉండేవాడు. జూదాన్ని గణితశాస్త్రంగా చూసి గ్రంథం రాసిందీ ఆయనే, అంతా తెలిసి ఆడకుండా ఉండలేకపోయిందీ ఆయనే. పేరు గిరోలమో కార్డానో. సెలవురోజున హాస్టలు గదిలో పేక పంచుకునే మిత్రులకు ఆయన జీవితం పనికొస్తుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

కార్డానో 1501 సెప్టెంబరు 24న పావియా పట్టణంలో పుట్టాడు. తండ్రి ఫాజియో మిలాన్‌లో న్యాయవాది, గణితంలో దిట్ట. లియొనార్డో డావిన్సీ అంతటివాడు రేఖాగణితంలో ఆయన సలహా తీసుకునేవాడు. కార్డానో పుట్టేనాటికి తల్లిదండ్రులకు పెళ్ళి కాలేదు. ఈ ఒక్క సంగతి ఆయన్ని చాలాకాలం వెంటాడింది.

పావియాలోనూ పాడువాలోనూ వైద్యం చదివాడు. 1524లో తండ్రి పోయాడు. చేతిలో పైసా ఆడని ఆ రోజుల్లో పాచికలు, పేక, చదరంగం పందేలే ఆయనకు ఆధారమయ్యాయి. ఎదుటివాళ్ళు అదృష్టాన్ని నమ్ముకుంటే ఈయన లెక్కను నమ్ముకున్నాడు. కాని లెక్కకు అందనివి కూడా ఆటలో ఉంటాయి. ఒకసారి వెనిస్ నగరంలో ఒకరింట పేకాడుతూ డబ్బంతా పోగొట్టుకున్నాడు. ముక్కల వెనక గుర్తులు పెట్టి ఉన్నాయని అప్పుడు కనిపెట్టాడు. కోపం పట్టలేక ఆ ఇంటాయన మొహాన బాకుతో గాటు పెట్టి, తన డబ్బు తీసుకొని పారిపోయాడు. ఆ రాత్రే కాలుజారి నీళ్ళలో పడి చావు తప్పించుకున్నాడు. ఈ సంగతులు ముసలితనంలో రాసుకున్న ఆత్మకథలో ఆయనే దాపరికం లేకుండా చెప్పాడు.

వైద్యపట్టా చేతికొచ్చినా మిలాన్ వైద్యుల సంఘం ఆయన్ని చేర్చుకోలేదు. పుట్టుకను సాకుగా చూపింది. పల్లెటూళ్ళలో వైద్యం చేసుకుంటూ 1531లో లూచియాను పెళ్ళాడాడు. రాబడి చాలలేదు. మళ్ళీ పేక పట్టాడు. ఈసారి కలిసిరాలేదు. భార్య నగలు, ఇంట్లో సామాను ఒకటొకటిగా తాకట్టుకు పోయాయి. చివరకు పెళ్ళాంబిడ్డతో మిలాన్‌లో పేదల సత్రం చేరాల్సి వచ్చింది.

అక్కణ్ణించి లేచాడు చూడండి, అదీ గొప్పతనం! తండ్రి స్నేహితుల సాయంతో గణితం బోధించే పని దొరికింది. 1539లో వైద్యుల సంఘమే తలుపు తెరిచింది. 1545లో అచ్చయిన ఆర్స్ మాగ్నా అనే బీజగణిత గ్రంథంతో ఆయన పేరు ఐరోపా అంతా మారుమోగింది. 1552లో స్కాట్లాండు వెళ్ళి ఆర్చిబిషప్ జాన్ హామిల్టన్ ఉబ్బసానికి వైద్యం చేశాడు. ఈకల పరుపు తీసేయించడం ఆ వైద్యంలో ఒక భాగం.

ఇక జూదం మీద రాసిన గ్రంథం సంగతి. ఒక పాచికను మూడుసార్లు వేస్తే ఆరు పడడానికి సగానికి సగం అవకాశం ఉందని మొదట లెక్క కట్టాడు. ఒకసారికి ఆరింట ఒక వంతు, మూడుసార్లకు ఆరింట మూడు వంతులు. మనమూ అట్లాగే అనుకుంటాం. ఆ లెక్కన ఆరుసార్లు వేస్తే ఆరు పడితీరాలి! పడదని ఆడినవాళ్ళకు తెలుసు. మూడు పాచికలు పడే విధాలు 216. ఒక్క ఆరైనా ఉన్నవి 91, అసలు లేనివి 125. అంటే అవకాశం సగానికి తక్కువే. ఇట్లా విధాలన్నీ వరసగా ఎంచి చూసే పద్ధతి ఆయన తర్వాతి అధ్యాయాల్లో పట్టుకున్నాడు. మొదటి తప్పును మాత్రం కొట్టేయకుండా అట్లాగే ఉంచాడు. పుస్తకం అచ్చయింది 1663లో, ఆయన పోయిన 87 ఏళ్ళకు. అప్పటికే 1654లో పాస్కల్, ఫెర్మా ఉత్తరాల ద్వారా సంభావ్యతా శాస్త్రానికి పునాది వేశారు.

కార్డానో ఆడిన పేకాటల్లో ప్రిమెరో ఒకటి. నాలుగేసి ముక్కలు పంచుకొని, పందెం పెంచుతూ, లేని బలం ఉన్నట్టు బుకాయించే ఆట. ఇప్పటి పోకర్‌కు అది ముత్తవ్వ వరస. అందుకే ఆయన సలహాలు పోకర్ కొత్తగా నేర్చేవాళ్ళకు నేటికీ సరిపోతాయి. కూర్చునేముందు ఇరుపక్షాలూ సమానమా అని చూడమన్నాడు. ఎదుటివాడి నేర్పు, అతని డబ్బు, చుట్టూ చేరినవాళ్ళు, ఆడే చోటు, చివరకు పాచిక కూడా. ఇందులో ఏది నీకు వ్యతిరేకంగా ఉన్నా ఆడితే మూర్ఖుడివి, నీకు అనుకూలంగా ఉంటే అన్యాయస్థుడివి అని ఆయన భావం. శకుని పాచికల ముందు కూర్చునేటప్పుడు ధర్మరాజు చూసుకోనిది ఇదే.

రెండోది, పందెం అవకాశానికి తగ్గట్టు ఉండాలి. ఐదు ముక్కల పోకర్‌లో మీ చేతిలో నాలుగు ఇస్పేట్లున్నాయి, ఒక ముక్క మార్చుకోవాలి. మీరు చూడని ముక్కలు 47, వాటిలో ఇస్పేట్లు 9. కలిసొచ్చేది తొమ్మిది విధాల, కలిసిరానిది 38 విధాల. పది రూపాయలు వేసి ఆ ముక్క అడగాలంటే అప్పటికే బల్లమీద 43 రూపాయలైనా ఉండాలి. లేకపోతే ముక్కలు పడేసి ఊరుకోవడమే మేలు.

మూడోది, చిన్న పందేలు, తక్కువసేపు, ఎప్పుడో ఒకసారి. దుఃఖంలో, కోపంలో ఆడొద్దు. అన్నిటికన్న పెద్ద లాభం అసలు ఆడకపోవడంలోనే ఉందని కూడా ఆయనే తేల్చాడు.

తేల్చినవాడు మానలేదు. చదరంగం పందేలు నలభై ఏళ్ళకు పైగా, పాచికలు పాతికేళ్ళు ఆడానని సిగ్గుపడుతూ రాసుకున్నాడు. పెద్దకొడుకు భార్యకు విషం పెట్టిన నేరానికి 1560లో మరణశిక్ష పొందాడు. చిన్నకొడుకు అల్దో జూదంలో మునిగి తండ్రి ఇంటికే కన్నం వేశాడు. ఆ కొడుకుని అధికారులకు పట్టిచ్చింది తండ్రే. తండ్రి లెక్కలు ఆ కొడుక్కి అబ్బలేదు, తండ్రి ఆట మాత్రం అబ్బింది. 1570లో మతవిచారణ అధికారులు కార్డానోను నిర్బంధించారు. విడుదలయ్యాక రోముకు చేరి, 1576 సెప్టెంబరు 21న అక్కడే కన్నుమూశాడు.

మాది సేద్యం చేసే ఇల్లు. వాన వస్తుందో రాదో తెలియకుండానే విత్తనం చల్లాలి. ఆ పందెం మాకు తప్పదు. తప్పించుకోగల పందెం కూడా ఎందుకు నెత్తిన వేసుకోవాలి అని మా నాన్న అంటుంటాడు. కార్డానో చదవకుండానే ఆయన కార్డానో చివరిమాటకు చేరుకున్నాడు. లెక్కలు నేర్చుకుందాం, మిత్రులారా. కాని లెక్క వచ్చినంతమాత్రాన లేచి వెళ్ళడం వస్తుందని అనుకోవద్దు. అది వేరే విద్య.