కాపురానికి వెళ్ళనన్న దుర్గాబాయి

మన ఆత్రేయపురం నుంచి బొబ్బర్లంక మీదుగా ధవళేశ్వరం బ్యారేజి దాటితే రాజమండ్రి వస్తుంది కదా. ఆ ఊళ్ళోనే 1909 జూలై 15న దుర్గాబాయి గారు పుట్టారు. ఎనిమిదేళ్ళకే ఆవిడకి పెళ్ళి చేసేసారు. అంటే మన మూడో తరగతి పిల్ల వయసన్నమాట. పెళ్ళికొడుకు సుబ్బారావు, ఆస్తిపాస్తులున్న ఇంటివాడు.

అప్పట్లో అదేం వింత కాదు. పిల్ల పెద్దమనిషి కాగానే కాపురానికి పంపేవారు. ఏడాది తిరక్కుండా కడుపు. 1929లో శారదా చట్టం వచ్చేదాకా ఆడపిల్ల పెళ్ళికి ఇన్నేళ్ళు నిండాలని చట్టమే లేదు. అది కూడా 14 ఏళ్ళే అంది. 18 ఏళ్ళని మార్చింది 1978లో.

దుర్గాబాయి గారు మాత్రం పదిహేనేళ్ళప్పుడు కాపురానికి వెళ్ళనన్నారు. సుబ్బారావుకే ఆ మాట చెప్పి, వేరే పెళ్ళి చేసుకోమన్నారు. ఆ కాలంలో ఎంత ధైర్యం! తండ్రి, తమ్ముడు ఆవిడ వైపే నిలబడ్డారు. ఇంట్లోవాళ్ళు తోడు రాకపోతే ఏమయ్యేదో.

ఆవిడ తప్పించుకున్నది చిన్న ప్రమాదం కాదు. పద్దెనిమిది నిండని పిల్లకి కటి ఎముకలు పూర్తిగా ఎదగవు, కాన్పు కష్టమవుతుంది. ఎదిగే ఒంటికే రక్తం చాలదు, ఇక కడుపులో బిడ్డకెక్కడిది? బి.పి. పెరిగి ఫిట్స్ వచ్చే గుర్రపువాతం చిన్న వయసు తల్లులకే ఎక్కువ. బిడ్డ నెలలు నిండకుండా పుట్టడం, రెండున్నర కిలోలకన్నా తక్కువ తూగడం కూడా ఎక్కువే. ఇదంతా పాతకాలం ముచ్చట అనుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయింది. 15-19 ఏళ్ళ వాళ్ళలో నూటికి 12 మందికి పైగా అప్పటికే తల్లులో, గర్భవతులో. వేసవి సెలవులకి ఇంటికెళ్ళి, జూన్‌లో పెట్టె పట్టుకుని తిరిగిరాని అమ్మాయిలు ఏ హాస్టల్లో లేరు?

1923 కాకినాడ కాంగ్రెస్‌లో టికెట్ లేదని నెహ్రూ గారినే ఆపేసిన వాలంటీరు ఈవిడే. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళారు. ఆ తర్వాత మళ్ళీ పుస్తకం పట్టారు. మెట్రిక్, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో డిగ్రీ, 1942లో లా. రాజ్యాంగ సభలో కూర్చున్నారు.

1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. ఆడవాళ్ళకి చదువు, చేతిపనులు, నర్సు శిక్షణ, ఆసుపత్రి అన్నీ దాని కిందే పెరిగాయి. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలయ్యారు. పెళ్ళి వల్లో, పేదరికం వల్లో బడి మానేసిన ఆడవాళ్ళు తక్కువ కాలంలో పరీక్ష పాసయ్యేలా ఆ బోర్డు 1958లో ప్రత్యేక కోర్సులు మొదలుపెట్టింది.

1975లో పద్మ విభూషణ్ వచ్చింది. 1981 మే 9న కన్నుమూశారు. ఇంకో సంగతి. సుబ్బారావు పోయాక ఆయన రెండో భార్యకి ఆంధ్ర మహిళా సభలోనే పని నేర్పించి, ఉద్యోగానికి దారి చూపించింది కూడా దుర్గాబాయి గారే.