త్రాసు దగ్గర నిలిచిన బోధకుడు

సామెతల గ్రంథము 11వ అధ్యాయము మొదటి వచనము చదువునప్పుడెల్ల మాకు ఇంగ్లాండు దేశపు బొగ్గుగని పనివాడొకడు జ్ఞాపకము వచ్చుచుండును. ఆయన పేరు పీటర్ లీ.

ఆయన 1864లో డర్హాము జిల్లాలో జన్మించెను. పదియేండ్ల ప్రాయముననే గనిలో దిగెను. యౌవనమున త్రాగుడును పోట్లాటలును ఆయనకు వాడుకయైనవి. ఇరువది యేండ్లు వచ్చువరకు చక్కగా చదువను వ్రాయను రాదు. అటుపిమ్మట సిగ్గుపడక నేర్చుకొనెను. వయస్సు మీరినది, ఇక మాకు అక్షరములెందుకని అనెడి మన అన్నలు, అక్కలు ఈ సంగతి గమనింతురు గాక. అమెరికా, దక్షిణాఫ్రికా గనులలోను ఆయన పనిచేసి తిరిగి వచ్చెను.

ఆ గని పల్లెలలో ప్రిమిటివ్ మెథడిస్టు సంఘములు 1820ల నుండి పాదుకొనెను. ఆరు దినములు బొగ్గు త్రవ్వినవాడే ఏడవ దినమున ముఖము కడుగుకొని ప్రసంగపీఠ మెక్కెడివాడు. నలుగురిలో నిలిచి మాటలాడుటయు, సభ నడుపుటయు అనేకులు మందిరములోనే నేర్చుకొనిరి. పీటర్ లీ మారుమనస్సు పొంది ఈ సంఘములోనే బోధకుడాయెను.

గనిలో కూలి బొగ్గు తూకమును బట్టి యిచ్చెడివారు. పైన యజమాని మనిషి తూచుచుండగా భూగర్భములో నున్న కూలివానికి ఏమి కనబడును? అందుచేత కూలీలు నమ్మకమైన వాని నొకని ఎన్నుకొని, తమ డబ్బుతో జీతమిచ్చి త్రాసు దగ్గర నిలుపుకొనెడివారు. 1902లో వీట్లీ హిల్ గనివారు పీటర్ లీని ఆ పనికి ఎన్నుకొనిరి. ఆదివారమున ఆయన ప్రసంగము విన్నవారే సోమవారమున ఆయన తూనికను కనిపెట్టుచుండిరి. అంతకంటె కఠినమైన సేవ యుండునా అని మాకు తోచును.

1919లో ఆయన డర్హాము జిల్లా కౌన్సిలుకు అధ్యక్షుడాయెను. గని పల్లెలకు మంచినీరు తెచ్చుట ఆయనకు పెద్ద భారము. బర్న్‌హోప్ జలాశయమునకై పాటుపడెను గాని అది పూర్తి కాకమునుపే 1935లో ప్రభువునందు నిద్రించెను.

ఆయన సంఘము 1932లో వెస్లియనులతో ఏకమాయెను. మెదకు ప్రాంతమునకు సువార్త తెచ్చినది ఆ వెస్లియనులే గనుక, ఆ గని పల్లెలవారు మనకును చుట్టములే. 1993 నాటికి ఆ జిల్లాలో లోతుగనులన్నియు మూతబడెను. చిన్న మందిరములును అనేకము మూతబడినవి. ఆయన సమాధి వీట్లీ హిల్‌లో నున్నది. అక్కడికి కొద్ది మైళ్ల దూరమున 1948లో క్రొత్తగా ఏర్పరచిన పట్టణమునకు పీటర్లీ అని ఆయన పేరే పెట్టిరి.